థర్జా కిటికీ

లాన్‌వోరన్ తోటలో కిందివైపు, వాలు అంచున ఒక బల్ల వేశారు. దాని మీద కూర్చుంటే లారెల్ పొదల మధ్య సందులోంచి సముద్రం కనిపిస్తుంది. పక్కన పాతిన పలక మీద, తోట వేసిన కల్నల్ ట్రెవెనార్డ్ తన కొత్త భార్య ముచ్చట తీర్చడానికి ఈ సందు వదిలి పొదలు నాటించారని రాశారు. టిక్కెట్టు కొని వచ్చిన జనం అది చదివి, "ఎంత ప్రేమో చూడు!" అంటూ ఫొటోలు తీసుకుంటారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు. చెట్టు లేని చోటును కూడా అమ్ముకునేవాళ్ళను నేను ఇక్కడే చూశాను.

ఆ సందు పెట్టింది కల్నల్ కాదు. మా పెద్దమ్మ థర్జా హాకింగ్, ఒక సోమవారం పొద్దున, మొగుడి రంపం తీసుకుని పెట్టింది. ఇప్పుడు బల్ల ఉన్నచోట ఆమె వంటింటి పొయ్యి ఉండేది. ఈ మాట తోట తిప్పి చూపించే అతనితో చెబితే, "దానికి కాగితమేమైనా ఉందా అమ్మా?" అన్నాడు. ఎందుకుంటుంది? కాగితాలుండేది కల్నల్ లాంటివాళ్ళకి. మా వాళ్ళకి ఉన్నది నోరొక్కటే, అదీ సగం జీవితం మూసుకునే ఉండేది. అందుకని నేనే చెబుతున్నాను.

కల్నల్ ఈ లోయ కొన్నప్పుడు ఇక్కడ ముళ్ళకంపా గాలీ తప్ప ఏమీ లేవట. ఇంగ్లండుకు నైరుతి కొసన ఉన్న మా కార్న్‌వాల్‌లో పడమటి గాలి సముద్రం నుంచి ఉప్పు మోసుకొస్తుంది, లేత మొగ్గను ఒక్క పూటలో మాడ్చేస్తుంది. అందుకే మా వైపు తోట వేయాలంటే ముందు గోడ పెంచాలి. పైన్ చెట్లు వరసగా పెట్టి, వాటి కింద లారెల్ పొదలు దట్టంగా నాటి, అవి ఎదిగేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత వాటి చాటున హిమాలయాల నుంచి వచ్చిన రోడోడెండ్రాన్లు, చైనా నుంచి వచ్చిన కెమీలియాలు వేసుకోవచ్చు. గోడ నాటినవాడు పువ్వు చూడడని తోటమాలులు అంటారు. కల్నల్ చూశాడు, గట్టి పిండం.

తోటమాలి ఇల్లు లోయకు అడుగున ఉండేది. దానికి కిందివైపు గాలికి అడ్డంగా కల్నల్ నాటించిన లారెల్ గోడ ఎలాగూ ఉంది. పైవైపు గోడ ఆయన కోడలు వచ్చాక లేచింది. ఆవిడ పచ్చికలో టీ తాగుతుంటే తోటమాలి పెళ్ళాం ఆరేసిన లోపలి బట్టలు కంటబడ్డాయట. ఆ చలికాలమే పైవైపు కూడా లారెల్ నాటించింది. లారెల్ ఆకు రాలదు, వెలుగును దూరనివ్వదు. అలా ఆ ఇల్లు కిందా పైనా ఆకుల గోడల మధ్య పడిపోయింది.

ఆ తోటలో ఇంకో ఆచారం ఉండేది. దాన్ని మా వాళ్ళు చాటు అనేవాళ్ళు. దొరల కుటుంబం షికారుకొస్తే పనివాళ్ళు కంటికి కనబడకూడదు. నవ్వో కుక్క మొరుగో వినిపించగానే దగ్గర్లో ఉన్న పొద వెనక్కి పోయి, వాళ్ళు దాటిపోయేదాకా కదలకుండా నిలబడాలి. విల్ నాన్స్ అనే పనివాడు ఒకసారి ముళ్ళ పొద వెనక ఇరుక్కున్నాడు. ఇవతల ఒక కుర్ర దొర పెళ్ళి చేసుకుంటావా అని ఒక పిల్లను బతిమాలుతున్నాడు. "ఆ పిల్ల సరే అనేసరికి నా వీపు జల్లెడైపోయిందిరా," అని విల్ పబ్బులో చెబితే అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇదేం పద్ధతి అని మాత్రం ఒక్కడూ అడగలేదు. నాకు ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా పెద్దమ్మ పుట్టింది తోటలో కాదు, కొండకు అవతల పోల్‌వెన్ రేవులో. మా తాత చేపల పడవ మీద పనిచేసేవాడు. రేవులో ఇళ్ళ కిటికీలన్నీ సముద్రం వైపే. ఆడవాళ్ళు దుంపలు చెక్కుతూ చెక్కుతూనే తెరచాప రంగు చూసి ఎవరి పడవ వస్తోందో చెప్పేవాళ్ళు. అలాంటి పిల్లను, మొదటి యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, లాన్‌వోరన్ తోటమాలి పాస్కో హాకింగ్‌కు ఇచ్చి చేశారు. పాస్కో నెమ్మదస్తుడు. అతని చేత్తో గుచ్చిన పుల్ల కూడా చిగురు వేస్తుందని పేరు. ఉద్యోగంతో పాటు ఇల్లు. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది, అది వేరే సంగతి.

కొత్తకోడలు గడప దాటగానే పాస్కో దీపం కోసం గోడ తడుముకుంటున్నాడట.

"మిట్టమధ్యాహ్నం దీపమేంటి పాస్కో? ఇంట్లో ఎవరైనా పోయారా?" అంది పెద్దమ్మ.

"అలవాటవుతుందిలే పిల్లా," అన్నాడు పాస్కో.

అలవాటు కాలేదు. వంటింటి కిటికీ తెరిస్తే చేతికి ఆకులు తగిలేవి. ఆదివారం చర్చికి వేసుకునే బూట్లకు వారం తిరిగేసరికి పచ్చటి బూజు పట్టేది. రొట్టె మెత్తబడేది, పక్కబట్టలు చెమ్మగిల్లేవి. పడమటి గాలి వీచిన రోజు అలల చప్పుడు గోడ అవతలే ఉన్నట్టు వినిపించేది గాని కనిపించేది కాదు. ఆమెను అదే ఎక్కువ బాధించేది. ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చినప్పుడు బన్ను కూడా ముట్టకుండా మా కిటికీ దగ్గర కూర్చునేది. "నాకక్కడ ఊపిరాడటం లేదే," అని మా అమ్మతో ఒకసారి అంది. అంతకంటే ఎక్కువ చెప్పే మనిషి కాదు.

"పోల్‌వెన్‌లో దొరవారికి పడవల షెడ్డుంది కదా. దాన్ని చూసుకునే పని, ఆ రేవు మీది ఇల్లు అడుగు పాస్కో," అని ఆమె పెళ్ళయిన రెండో ఏడే మొగుణ్ణి వేడుకుంది.

"అడుగుతాను," అన్నాడు. కొన్నాళ్ళకు, "అడిగాను, మేజర్ దొర ఒప్పుకోలేదు," అన్నాడు. మేజర్ అంటే కల్నల్ మనవడు, అప్పటి యజమాని. ఆమె మళ్ళీ అడగమంది. మళ్ళీ ఒప్పుకోలేదన్నాడు. దొరతో ఆడది నేరుగా మాట్లాడే కాలం కాదది. వచ్చే ఏడు, ఆపై ఏడు అని ఎదురుచూసి ఎదురుచూసి ఆమె కళ్ళు కాయలు కాశాయి.

పాస్కోకు ఆ తోటలో ఒక బంధం ఉంది. పెళ్ళయిన ఏడాదే హిమాలయాల నుంచి మేజర్‌కు ఒక పొట్లంలో మాగ్నోలియా విత్తనాలు వచ్చాయి. పాస్కో వాటిని నాటితే ఒక్కటే మొలిచింది. ఆ జాతి మాగ్నోలియా విత్తు నుంచి పువ్వు దాకా రావడానికి పాతికేళ్ళు, ఒక్కోసారి ముప్ఫై ఏళ్ళు పడుతుంది. వస్తే మాత్రం మార్చి నెలలో, ఆకు కూడా వేయకముందే, భోజనం పళ్ళెమంత గులాబీ రంగు పువ్వులు చెట్టు నిండా పూస్తాయి. పాస్కో దాన్ని తన ఇంటికి పైన, వాలు మీద నాటాడు. పొద్దున లేస్తూనే దాన్ని చూసొచ్చి అప్పుడు టీ తాగేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

ఇక అసలు సంగతి. పెళ్ళయిన పద్దెనిమిదో ఏటో పందొమ్మిదో ఏటో, శరదృతువులో, పెద్దమ్మ పాస్కోకు మధ్యాహ్నం తినడానికి మాంసం, దుంపలు కూరి కాల్చిన పాస్టీ గుడ్డలో చుట్టి పట్టుకెళుతోంది. పై దారిలో నవ్వులు వినిపించాయి. ఆమె వెంటనే కెమీలియా చాటుకు పోయింది. మేజర్ దొర లండన్ నుంచి వచ్చిన అతిథులకు తోట చూపిస్తూ సరిగ్గా ఆ పొద ముందే ఆగాడు.

"మీ తోటమాలి అదృష్టవంతుడండీ. ఇలాంటి చోట కాపురం," అంది ఒకావిడ.

"హాకింగా? అతనికి రేవులో మంచి ఇల్లు రెండుసార్లు ఇవ్వజూపాను. పడవల షెడ్డు పని, సుఖమైన పని. అబ్బే, భార్య ఈ తోట వదిలి రానంటుందట. 'ఆవిడ ప్రాణమంతా ఇక్కడే ఉంది దొరా' అన్నాడు. మొన్ననే ఆ ఇల్లు మా డ్రైవరుకిచ్చేశాను."

"ఎంత మంచి మనిషో!" అంది ఆవిడ.

ఆ మంచి మనిషి అక్కడే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, వేడి పాస్టీ గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఒక్క అడుగు ఇవతలికి వేసి, "నేనెప్పుడన్నానయ్యా ఆ మాట?" అని అడిగితే సరిపోయేది. కాళ్ళు కదల్లేదట. "భయం కూడా కాదే," అని ముసలితనంలో నాతో చెప్పింది. "చాటులో నిలబడి నిలబడి, అది దాటొచ్చని నా ఒంటికి గుర్తే లేదు." వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. తలుపు ఇన్నేళ్ళూ తీసే ఉందని, ఇప్పుడు మూశారని ఆమెకు ఒక్కసారే తెలిసింది.

ఆ సాయంత్రం పాస్కో ఇంటికి రాగానే అడిగేసింది.

"దొర ఎన్నిసార్లు ఇస్తానన్నాడు?"

పాస్కో టోపీ చేతిలోనే ఉంది. బొంకే మనిషే గాని నిలదీసి అడిగితే బొంకడం చేతకాదు. "రెండు," అన్నాడు.

"నా ప్రాణమంతా ఇక్కడుందని చెప్పావట."

"ఏదో ఒకటి చెప్పాలి కదా థర్జా. నేను రానంటే దొరకు కోపమొస్తుంది. ఆడవాళ్ళ మాటంటే ఇంక ఎవరూ..."

"అంటే నీ బుద్ధికి నా పేరు పెట్టావన్నమాట."

"మాగ్నోలియా ఇంకా మొగ్గ పట్టలేదు. ఇంకొకడి చేతిలో పెట్టి పోతే... అది పూసేదాకా ఆగుదామనుకున్నా. పూశాక మనం పోయుండేవాళ్ళం, ఒట్టు."

"ఇంకో పదేళ్ళకా? అది పూస్తే చూడ్డానికి నువ్వుంటావు. నేను మాత్రం ఈ గోతిలో బూజు పట్టి పోయుంటాను. నీ చెట్టుకు వెలుతురు చాలకపోతే పక్క కొమ్మలు కొట్టేస్తావే! ఒక్కనాడైనా ఈ కిటికీ ముందు ఒక్క రెమ్మ కొట్టావా?"

పాస్కో తిండి తినకుండా పడుకున్నాడు, ఆమె పెట్టలేదు కూడా.

వారం రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. సోమవారం బట్టలుతికే రోజు. రాగి డేగిసాలో బట్టలు ఉడకబెట్టి, పాస్కో పనిలోకి పోగానే, ఆమె కొట్టంలోంచి రంపం, కత్తి తీసుకుని కిటికీ ముందున్న లారెల్ గోడ మీద పడింది. పైవైపు గోడ కాదు, సముద్రం వైపుది. మొదళ్ళు తొడ లావున ఉన్నాయట. చేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నానికి ఒక పొద కూలింది, దాని పక్కది కూలింది, ఆ వెనకది కూలింది. రెండు కొండల మధ్య, దుప్పటి వెడల్పున, సముద్రం కనిపించింది. ఆమె రంపం కింద పడేసి అక్కడే చతికిలబడి ఏడ్చింది. సంతోషమో కోపమో తెలియదే అంది.

పాస్కో భోజనానికి వచ్చేసరికి వంటింట్లో దీపం లేదు, ఎండ ఉంది. అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. పెళ్ళాం తల సగం నెరిసిందని అతనికి ఆ రోజే తెలిసింది. తర్వాత సందులోకి చూశాడు. అక్కణ్ణుంచి తల తిప్పి, ఇంటి కప్పు మీదుగా పైకి, తన చెట్టు వైపు చూశాడు. గాలి ఆ సందులోంచి దూరి నేరుగా దాని మీదికే పోతుంది.

"మొగ్గలు మాడిపోతాయే," అన్నాడు.

"తెలుసు."

"ఎన్నేళ్ళు పెంచినా..."

"తెలుసని చెప్పానుగా. కావాలంటే దొరతో చెప్పు. నా పేరే చెప్పు, నీకు అలవాటేగా!"

లారెల్ గోడ కొట్టడమంటే చిన్న నేరం కాదు. పనిలోంచి తీసేస్తే ఇల్లు ఖాళీ చేసి నడవడమే. మేజర్ కబురు పెట్టాడు. పాస్కో టోపీ తీసి నిలబడి, "తెగులు పట్టింది దొరా, పక్కవాటికి పాకకుండా నేనే కొట్టేశాను," అన్నాడు. మేజర్ మళ్ళీ నాటమన్నాడు. పాస్కో నాటాడు. పెద్దమ్మ సోమవారం సోమవారం బట్టలుడికించిన సోడానీళ్ళు, సలసల కాగేవి, తీసుకెళ్ళి వాటి మొదట్లో పోసింది. వేసవికల్లా అవి చచ్చాయి. మరుసటి శరత్తులో మళ్ళీ నాటాడు. మళ్ళీ చచ్చాయి. ఆ ఇంట్లో దీని గురించి ఒక్క మాట కూడా రాలేదు. అతను చూస్తున్నాడో లేదో ఆమెకు తెలియదు.

మూడోసారి మేజర్ స్వయంగా దిగి వచ్చాడు. కుక్క మొరుగు వినగానే, బట్టల బుట్టతో ఉన్న పెద్దమ్మ పాత అలవాటుకొద్దీ రోడోడెండ్రాన్ చాటుకు పోయింది.

"ఏమిటి హాకింగ్? నీ చేతిలో మొక్క చావడం నేనెరగను."

"ఉప్పుగాలి దొరా. ఇక్కడ లారెల్ బతకదు."

"మా తాతగారి కాలం నుంచీ బతికిందే!"

"అప్పటి గాలి వేరు దొరా."

మేజర్ నవ్వాడు. చేతికర్రతో ఒక చచ్చిన మొక్క మొదట్లో మట్టి గెలికాడు. అక్కడ సోడా తెల్లగా పొరకట్టి ఉంది. పాస్కో మెల్లగా ముందుకు వచ్చి ఆ తెలుపు మీద బూటు పెట్టి నిలబడ్డాడు.

"మరి నీ మాగ్నోలియా మాటేమిటి?" అన్నాడు మేజర్. "ఇది ఇలా తెరిచి ఉంటే గాలి దాన్ని కొట్టదూ? పువ్వు చూడాలని నాకంటే నీకే ఎక్కువ ఆశ కదా. పోనీ ఇక్కడ చెక్కల దడి కొట్టిద్దామా?"

పాస్కో తల తిప్పి వాలు మీది తన చెట్టు వైపు చూశాడు. ఆ కాస్త జాగూ పెద్దమ్మకు యుగంలా గడిచింది. ఔనంటే చాలు. చెట్టు దక్కుతుంది, కిటికీ మూసుకుపోతుంది, తప్పు కూడా అతనిది కాదు.

"అక్కర్లేదు దొరా," అన్నాడు పాస్కో. "దానికేమీ కాదు. ఇలాగే ఉండనివ్వండి."

అప్పుడు కాళ్ళు వాటంతటవే కదిలాయట. పెద్దమ్మ పొద చాటు నుంచి, తడిబట్టల బుట్టతో, దారి మధ్యలోకి వచ్చింది. కుక్క మొరిగింది. మేజర్ ఉలిక్కిపడి, ఏం చేయాలో తోచక, గొప్పింటి ఆడవాళ్ళకు ఎత్తినట్టు టోపీ ఎత్తాడు. లాన్‌వోరన్ పుట్టాక ఆ తోటలో ఒక పనివాడి పెళ్ళానికి దొర టోపీ ఎత్తడం అదే మొదటిసారి అయివుంటుంది.

"ఇవాళ గాలి బాగుంది దొరా, బట్టలు తొందరగా ఆరతాయి," అని చెప్పి, ఆమె అతని ముందు నుంచే నడిచి వెళ్ళి, ఆ సందులో తాడు కట్టి బట్టలారేసింది. పాస్కో దుప్పటి రెండో కొస పట్టుకున్నాడు.

అంతటితో ఆమెకు చెర విడిపోయిందనుకోకండి. ఇల్లు అదే, చెమ్మ అదే. రేవులో ఇల్లు రాలేదు. దుప్పటంత సముద్రంతోనే పొద్దు గడిపింది. ఏ రోజైనా ఒక పడవ ఆ సందు దాటుతుంటే, అది ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయేలోపు ఎవరిదో చెప్పేసేది. మళ్ళీ యుద్ధం వచ్చింది. తోట పనివాళ్ళు సైన్యంలోకి పోయారు, చాటు పోయింది, లారెల్ సంగతి ఎవరికీ గుర్తులేదు. ఏటా మార్చిలో పాస్కో చెట్టు కింద నిలబడి రాలిన నల్లటి మొగ్గలు ఏరి జేబులో వేసుకునేవాడు. ఇంటికి వచ్చి ఏమీ అనేవాడు కాదు. ఆమె కూడా అడిగేది కాదు.

యుద్ధం ముగిశాక చెట్టు పూసింది. గాలి తగలని వెనకవైపు, సగమే. పాస్కో పెళ్ళాన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. "పూర్తిగా పూసుంటే ఎట్లా ఉండేదో," అందట ఆమె. "ఇదే చాల్లే," అన్నాడు. అలా అయిదారేళ్ళు చూసి పోయాడు. ఉద్యోగంతో వచ్చిన ఇల్లు గనుక, అంత్యక్రియలైన నెలకే పెద్దమ్మను ఖాళీ చేయమన్నారు. ఆమె మా ఇంటికి వచ్చేసింది. తర్వాత ఆ ఇల్లు పడగొట్టారు, పైవైపు లారెల్ కొట్టేశారు, పొయ్యి ఉన్నచోట బల్ల వేశారు. పలక మీద కల్నల్ పేరు రాశారు. ఇప్పుడు చెట్టు ఒకవైపే పూయడం దాని జాతి లక్షణమని కూడా చెబుతున్నారు.

మా రేవువాళ్ళు మాత్రం దాన్ని థర్జా కిటికీ అనే అంటారు. ఎందుకంటే ఆ సందు ఆమెకు సముద్రాన్ని చూపించినట్టే, సముద్రం మీదివాళ్ళకు తోటను కూడా చూపిస్తుంది. మార్చి నెలలో చేపలు పట్టి తిరిగొచ్చే పడవలు, ఆ సందులో, ఆకులేని ముందు కొమ్మల్లోంచి గులాబీ రంగు ఎదురుగా వచ్చేదాకా చుక్కాని తిప్పి, నేరుగా రేవులోకి దిగుతాయి. ఆమె మా ఇంటికొచ్చిన మొదటి మార్చిలో, నేను పిల్లను, ఆమెను వెతుక్కుంటూ, కొండ మలుపు దాటి తోట కనిపించే రేవు గోడ చివరికి పోయాను. ఇన్నేళ్ళు సముద్రం కోసం అల్లాడిన మనిషి, సముద్రానికి వీపు పెట్టి, శాలువా కప్పుకుని కూర్చుని ఉంది.

"పెద్దమ్మా, సముద్రం అటు కదా, ఇటు తిరిగి కూర్చున్నావేం?" అన్నాను.

"సముద్రం ఎక్కడికి పోతుందిలే," అంది కొండ మీది ఆ గులాబీ సగం మీంచి చూపు తిప్పకుండా. "అది వారంలో రాలిపోతుంది."